రోమియో, జూలియట్: చదవాలా, చూడాలా, చూస్తే ఏది చూడాలి?

షేక్‌స్పియర్ రాసిన ‘రోమియో అండ్ జూలియట్’ కథ తెలియనివారు తెలుగు పాఠకుల్లో దాదాపు ఉండరు. రెండు కుటుంబాల పగ, ఆ పగ నీడలో ప్రేమించుకున్న ఇద్దరు పిల్లలు, చివరికి ఇద్దరి చావు అన్నంతవరకు అందరికీ తెలుసు. ఇంతమాత్రం తెలిసి ఉండటం వల్లనే అసలు నాటకం దాకా వెళ్లేవారు తక్కువ. వెళ్లాలనుకున్నవారికి మరో చిక్కు ఎదురవుతుంది. 1597లో తొలిసారి అచ్చయిన ఈ నాటకం చుట్టూ సినిమాలు, బ్యాలేలు, ఒపెరాలు, సంగీత నాటకాలు ఇన్ని పుట్టుకొచ్చాయి కాబట్టి, దేనితో మొదలుపెట్టాలో తేల్చుకోవడమే కష్టం. తమకు పడని రూపంతో మొదలుపెట్టినవారు ‘ఇంతేనా’ అనుకుని అక్కడే ఆగిపోతారు. అది పెద్ద నష్టం. ఎవరికి ఏది తగినదో చెప్పడానికే ఈ వ్యాసం.

పోల్చడానికి ఒక గీటురాయి కావాలి. నటుల అందమో, సెట్టింగుల వైభవమో ఈ నాటకం విషయంలో గీటురాయి కాజాలవు. నేను చూసేది ఉత్తరం సంగతి. జూలియట్ నిజంగా చనిపోలేదని, మందు ప్రభావంతో నలభై రెండు గంటలు నిద్రలో ఉంటుందని వారికి రహస్యంగా పెళ్లి చేసిన సన్యాసి ఫ్రయర్ లారెన్స్ రాసి పంపిన ఉత్తరం, వెరోనా నుంచి బహిష్కృతుడై మాంటువాలో ఉన్న రోమియోకు అందదు. అది ఎందుకు అందలేదన్న ప్రశ్నకు ఒక్కొక్క రూపం ఒక్కొక్క జవాబు చెబుతుంది. ఆ జవాబును బట్టే ఆ రూపం ఈ విషాదాన్ని విధి చేసినదిగా చూస్తున్నదా, తొందరపాటు వల్ల జరిగినదిగా చూస్తున్నదా, మనుషుల ద్వేషం ఫలితంగా చూస్తున్నదా అన్నది బయటపడుతుంది.

మూల నాటకంలో ఏం జరుగుతుందో ముందు చూద్దాం. షేక్‌స్పియర్‌కు ఆధారమైన ఆర్థర్ బ్రూక్ కావ్యం 1562 నాటిది. అందులో కథ నెలల తరబడి సాగుతుంది. షేక్‌స్పియర్ దాన్నంతా ఒక్క వారంలోపలికి కుదించాడు. ఆదివారం ఉదయం వీధిలో కొట్లాట, ఆ రాత్రి విందులో తొలిచూపు, సోమవారం రహస్య వివాహం, అదే మధ్యాహ్నం రోమియో స్నేహితుడు మెర్క్యూషియో, జూలియట్ బంధువు టిబాల్ట్ ఇద్దరి చావులు, మంగళవారం తెల్లవారుతుండగా భార్యాభర్తల వీడ్కోలు. బ్రూక్ కావ్యంలో పదహారేళ్లున్న జూలియట్ వయసును పదమూడుకు తగ్గించాడు. ఇదంతా వేగం కోసమే. నాలుగో అంకం రెండో రంగంలో, సాధారణంగా ఎవరూ పట్టించుకోని ఒక చిన్న మాట ఉంది. జూలియట్ వచ్చి మోకరిల్లి క్షమాపణ అడగగానే తండ్రి కాప్యులెట్ పొంగిపోయి, పారిస్ అనే వరుడితో గురువారం జరగవలసిన పెళ్లిని బుధవారానికి జరిపేస్తాడు. ఆయన సంతోషంతో తీసుకున్న ఆ నిర్ణయం వల్ల జూలియట్ ఒక రాత్రి ముందే మందు తాగవలసి వస్తుంది. అవతల ఉత్తరం తీసుకువెళ్లవలసిన ఫ్రయర్ జాన్, ప్లేగు సోకిందన్న అనుమానం ఉన్న ఇంట్లో కనబడ్డాడని కాపలావాళ్లు తలుపులు మూసి సీలు వేయడంతో ఊరు దాటలేకపోతాడు. అంటే మూలంలో విధి ఉంది, తొందర ఉంది, పగ కూడా ఉంది. మూడింటిలో ఏది అసలు కారణమో నాటకం తేల్చి చెప్పదు. ఆ తేల్చకపోవడంలోనే దాని బలం ఉందని నా నమ్మకం.

చదవదలచినవారికి

ఆంగ్లం బాగా వచ్చినవారు కూడా షేక్‌స్పియర్‌ను వివరణలు లేని ప్రతిలో చదవబోయి మొదటి రంగంలోనే తడబడతారు, ఎందుకంటే ఆ రంగం నిండా ఆ కాలపు సేవకుల ద్వంద్వార్థపు మాటలే. ఫోల్జర్ షేక్‌స్పియర్ లైబ్రరీ ప్రతిలో కుడి పేజీలో మూలం, ఎదురుగా ఎడమ పేజీలో పదాల వివరణ ఉంటాయి. మూలపాఠం ఆ సంస్థ వెబ్‌సైటులో ఉచితంగా కూడా దొరుకుతుంది. మొదటిసారి చదివేవారికి ఇంతకంటే మంచి ప్రతి అక్కరలేదు. ఆర్డెన్ ప్రతి పరిశోధన చేసేవారికి, పాఠం చెప్పేవారికి. దాని అధోజ్ఞాపికలు ఒక్కోచోట పేజీలో సగం ఆక్రమిస్తాయి కాబట్టి కథలో పడి కొట్టుకుపోవాలనుకునే పాఠకుణ్ణి అవి ఆపేస్తాయి. 1807లో ఛార్లెస్ లాంబ్, మేరీ లాంబ్ పిల్లల కోసం రాసిన కథల సంపుటి మన పాఠశాలల్లో చాలాకాలంగా చలామణిలో ఉన్నదే. అది కథ చెబుతుంది గాని, నాటకంలోని మొరటు హాస్యాన్ని వదిలేసింది కాబట్టి దాన్ని నాటకానికి బదులుగా తీసుకోకూడదు.

మొత్తం చదివే తీరిక లేనివారు మూడో అంకం అయిదో రంగం ఒక్కటైనా చదవాలని నా సలహా. బాల్కనీ దృశ్యం కంటే అదే గొప్పది. ఒకటో అంకంలో ఇదే కాప్యులెట్, పిల్ల ఇంకా చిన్నదని, రెండు వేసవులు ఆగమని, ఆమె మనసు గెలుచుకుంటేనే తన సమ్మతి అని వరుడు పారిస్‌కు చెప్పిన మంచి తండ్రి. మూడో అంకానికి వచ్చేసరికి కూతురు కాదనగానే, వీధిలో అడుక్కుతిని చావమని, తన ఇంట్లో కాలు పెట్టవద్దని విరుచుకుపడతాడు. తల్లి ముఖం తిప్పుకుంటుంది. పాలిచ్చి పెంచిన దాది మాత్రమే మిగులుతుంది. ఆమె కూడా కాసేపు ఆలోచించి, పారిస్‌నే చేసుకోమని, అతని ముందు రోమియో మసిగుడ్డకు సమానమని అంటుంది. ఆ ఒక్క మాటతో పదమూడేళ్ల పిల్లకు ఇంట్లో మాట్లాడటానికి ఎవరూ లేకుండా పోతారు. దాది దుర్మార్గురాలు కాదు. పిల్ల బతికితే చాలుననుకునే మనిషి. పెళ్లి విషయంలో ఇంటిల్లిపాదీ ఒకవైపు, ఆడపిల్ల ఒక్కతే ఒకవైపు నిలబడిన సందర్భం తెలిసిన ఎవరికైనా ఈ రంగానికి వివరణ అవసరం లేదు.

సినిమాగా చూడదలచినవారికి

మొదటిసారి చూసేవారికి నేను నిస్సంకోచంగా 1968 నాటి ఫ్రాంకో జెఫిరెల్లి చిత్రాన్నే సూచిస్తాను. అంతకుముందు 1936లో వచ్చిన హాలీవుడ్ చిత్రంలో నలభై దాటిన లెస్లీ హోవర్డ్ రోమియోగా, ముప్పై దాటిన నార్మా షియరర్ జూలియట్‌గా నటించారు. వారు మంచి నటులే అయినా, పిల్లలు చేసే తొందర పెద్దలు చేస్తే అది అవివేకంలా కనిపిస్తుంది తప్ప విషాదంగా తోచదు. జెఫిరెల్లి ఎంచుకున్న లియొనార్డ్ వైటింగ్, ఒలీవియా హస్సీ ఇద్దరూ చిత్రీకరణ నాటికి పద్దెనిమిదేళ్లు నిండనివారు. వారు పరుగెత్తుతారు, నవ్వుతారు, ఏడుస్తారు. పద్యం చెప్పడంలో లోటు ఉన్నా వయసులో నిజం ఉంది. ఇటలీలోని పాత పట్టణాల రాతి వీధుల్లో ఎండ తీవ్రత తెరమీద తెలుస్తుంది. మెర్క్యూషియో, టిబాల్ట్ కత్తియుద్ధం ముఖ్యంగా చూడదగినది. ఇద్దరూ సగం వేళాకోళంగానే తలపడతారు. కత్తి దిగిన తర్వాత కూడా మెర్క్యూషియో హాస్యమాడుతుంటాడు, అతను నటిస్తున్నాడనుకుని స్నేహితులు నవ్వుతూనే ఉంటారు, అతను పడిపోయేదాకా వారికి సంగతి అర్థం కాదు. నాటకం హాస్యం నుంచి విషాదంలోకి తిరిగే మలుపు అదే. ఆ మలుపును ఇంత బాగా పట్టిన చిత్రం మరొకటి లేదు. నీనో రోటా సంగీతం గురించి వేరే చెప్పనక్కరలేదు.

అయితే జెఫిరెల్లి మూల సంభాషణల్లో చాలా భాగం కోసేశాడు. ఉత్తరం సంగతిలో ప్లేగు మాటే లేదు. ఫ్రయర్ జాన్ గాడిదను నడిపించుకుంటూ తీరికగా పోతుంటే, జూలియట్ చనిపోయిందనుకున్న రోమియో సేవకుడు గుర్రం మీద అతన్ని దాటిపోతాడు. మాట లేకుండా, కొన్ని క్షణాల్లో, తొందర ముందు మంచి సంకల్పం ఓడిపోయిందని దర్శకుడు చెప్పేశాడు. విషం అమ్మే బీద మందులవాడి దృశ్యం, సమాధి దగ్గర పారిస్ హత్య కూడా లేవు. పారిస్ చావు తీసేయడంతో రోమియో చేతికి రెండో రక్తం అంటలేదు. ప్రేక్షకుడి సానుభూతి చెదరకుండా ఉండటానికే ఇలా చేసినట్టుంది. నాకు ఇది నచ్చని మార్పు. ఇంట్లో పిల్లలతో కలిసి చూసేవారు ఒకటి గమనించాలి: వివాహానంతర రాత్రి దృశ్యంలో కొన్ని క్షణాల నగ్నత్వం ఉంది. వయసు నిండని తమతో దాన్ని తీశారంటూ ఆ ఇద్దరు నటులే 2022లో దావా వేశారు. 2023లో కోర్టు దాన్ని కొట్టివేసింది. దావా నిలవకపోయినా, చూసేవారి మనసులో ఆ ప్రశ్న నిలుస్తుంది, నిలవాలి కూడా.

1996లో బాజ్ లుర్మన్ తీసిన చిత్రం దీనికి పూర్తిగా భిన్నం. లియొనార్డో డికాప్రియో, క్లేర్ డేన్స్ నటించిన ఈ చిత్రంలో కథ వెరోనా బీచ్ అనే కల్పిత ఆధునిక నగరంలో జరుగుతుంది. చిత్రీకరణ మెక్సికోలో సాగింది. కత్తుల స్థానంలో తుపాకులు వచ్చాయి, వాటి మీద ‘స్వోర్డ్’ అన్న పేరే చెక్కి ఉంటుంది కాబట్టి మాటలు మార్చనక్కర లేకపోయింది. నాందీపద్యాన్ని టీవీ వార్తలు చదివే ఆమె చెబుతుంది. ప్రేమికులు మొదట ఒకరినొకరు చేపల తొట్టి అద్దంలోంచి చూసుకుంటారు. ఉత్తరాన్ని కొరియర్ సంస్థవాడు తీసుకువస్తాడు. ఎడారిలోని ట్రెయిలర్ దగ్గర రోమియో ఆ క్షణంలో కనబడకపోవడంతో చీటీ పెట్టి వెళ్లిపోతాడు. ప్లేగుకు బదులు ఆఫీసు పద్ధతి. ఇరవయ్యో శతాబ్దపు విధి ఇలాగే ఉంటుందని ఒప్పుకోక తప్పదు.

కథ కొంత తెలిసి, పాత దుస్తులు, పాత భవనాలు చూస్తే ఆసక్తి పోయే యువతకు ఈ చిత్రమే సరైనది. కానీ కథ ఏమీ తెలియకుండా దీనితో మొదలుపెట్టవద్దు. మొదటి అరగంటలో దృశ్యాల మార్పు ఎంత వేగమంటే, నాలుగు వందల ఏళ్ల నాటి మాటలను చెవి అందుకునేలోపు దృశ్యం మారిపోతుంది. సబ్‌టైటిల్స్ తప్పక పెట్టుకోవాలి. సమాధి దృశ్యంలో లుర్మన్ చేసిన మార్పు కూడా తెలిసి చూడాలి. ఇక్కడ రోమియో విషం తాగుతుండగానే జూలియట్ కళ్లు తెరుస్తుంది.

ఇది లుర్మన్ కనిపెట్టినది కాదు. 1748లో లండన్‌లో డేవిడ్ గారిక్ ప్రదర్శించిన ప్రతిలో జూలియట్ ముందే మేల్కొని, చనిపోతున్న రోమియోతో మాట్లాడుతుంది. ఆ ప్రతి దాదాపు వందేళ్లు రంగస్థలాన్ని ఏలింది. 1845లో అమెరికన్ నటి షార్లట్ కుష్‌మన్ తానే రోమియో వేషం కట్టి, చెల్లెలు సుసాన్‌ను జూలియట్‌గా పెట్టి షేక్‌స్పియర్ పాఠాన్ని మళ్లీ వేదిక మీదికి తెచ్చింది. 1867లో పారిస్ నగరంలో ప్రదర్శితమైన ఫ్రెంచ్ స్వరకర్త గూనో ఒపెరా కూడా చివర ఇద్దరినీ కలిపి పాడిస్తుంది. ఆఖరి చూపు దక్కితే ప్రేక్షకుడికి కన్నీళ్లు సులభంగా వస్తాయి. షేక్‌స్పియర్ ఆ ఊరట ఇవ్వలేదు. రోమియో తాను ముద్దాడుతున్నది శవాన్నే అనుకుంటూ పోతాడు, ఆమె పెదవులింకా ఎర్రగా ఉన్నాయని తన నోటితోనే అంటాడు, అయినా ఒక్క క్షణం ఆగడు. నా మటుకు నాకు ఈ కఠినమైన ముగింపే నిజమైనది, అందుకే ఏ రూపంలోనైనా జూలియట్ ముందే లేచిందంటే కొంత తగ్గించి చూస్తాను.

పరీక్ష కోసం చదివే విద్యార్థులకు 1978 నాటి బీబీసీ టెలివిజన్ రూపం పనికొస్తుంది. స్టూడియో గోడలు కనిపించే నిర్మాణమే అయినా పాఠం దాదాపు పూర్తిగా ఉంటుంది. జూలియట్ పాత్రధారిణి రెబెకా సేర్‌కు అప్పటికి పద్నాలుగేళ్లు, టిబాల్ట్‌గా యువ అలన్ రిక్‌మన్ కనబడతాడు. పుస్తకం ఎదురుగా పెట్టుకుని చూడటానికి ఇదే అనువైనది. 2013 నాటి చిత్రంలో సంభాషణలను చాలావరకు కొత్తగా రాశారు, కాబట్టి అది మూలానికీ పనికిరాక, కొత్తదనానికీ పనికిరాక మధ్యలో మిగిలిపోయింది. 2021లో లండన్ నేషనల్ థియేటర్ మహమ్మారి వల్ల ప్రేక్షకులు లేని తన రంగస్థలాన్నే వాడుకుని గంటన్నరలో ముగిసే చిత్రం తీసింది. అందులో తండ్రి పలికే క్రూరమైన మాటలను తల్లి పలుకుతుంది. కథ తెలిసినవారు ఆ ఒక్క మార్పు కోసమైనా చూడవచ్చు.

వేరే పేరుతో అదే కథ

1957లో బ్రాడ్‌వేలో మొదలైన ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ని నేను అన్ని అనుసరణల్లోకి ఉత్తమమైనదిగా లెక్కిస్తాను, ఎందుకంటే అది ఉత్తరాన్ని గురించి లోతుగా ఆలోచించింది. న్యూయార్క్ పేటల్లో తెల్లజాతి కుర్రాళ్ల ముఠా ఒకటి, ప్వెర్టోరికో నుంచి వలస వచ్చినవారి ముఠా ఒకటి. ఇక్కడ ఉత్తరానికి బదులు కబురు ఉంది. తన ప్రియుణ్ణి చంపినవాడికే మేలు చేయడానికి సిద్ధపడి, జూలియట్ స్థానంలో ఉన్న నాయిక మరియా స్నేహితురాలు అనీటా కబురు మోసుకొస్తుంది. ఆ కుర్రాళ్లు ఆమెను అవమానించి మీదపడటంతో, రగిలిపోయి మరియా చనిపోయిందని అబద్ధం చెబుతుంది. ప్లేగు లేదు, దైవం లేదు. కబురును చంపింది మనుషులే. మరియా చివర చనిపోదు, తుపాకి పట్టుకుని రెండు ముఠాలనూ నిలదీస్తుంది.

దీనికి రెండు సినిమాలున్నాయి. 1961 నాటిది పది ఆస్కార్లు గెలిచింది. జెరోమ్ రాబిన్స్ నృత్యరచనను ఆయన చేతి మీదుగా చూడాలంటే అదే చూడాలి. కానీ ప్వెర్టోరికో పాత్రలకు ముఖాలకు రంగు పూసిన పద్ధతి నేడు కళ్లకు గుచ్చుకుంటుంది. 2021లో స్పీల్‌బర్గ్ తీసినదానిలో ఆ పాత్రలకు లాటిన్ నటులనే తీసుకున్నారు, స్పానిష్ మాటలకు సబ్‌టైటిల్స్ ఇవ్వలేదు, కూల్చివేతకు సిద్ధమైన పేటను కథలో భాగం చేశారు. మొదటి చిత్రంలో అనీటాగా నటించిన రీటా మొరెనో రెండో చిత్రంలో అంగడి యజమానురాలు వలెంటీనాగా వచ్చి, అదే దాడి దృశ్యంలో ఆ కుర్రాళ్లను ఆపుతుంది. అరవై ఏళ్ల కిందట తాను పడ్డ అవమానాన్ని ఆ నటి ఇప్పుడు అడ్డుకుంటున్నట్టు తోస్తుంది. రెండూ చూడగలిగితే 1961 నాటిది ముందు, అందుకే. ఒక్కటే చూడగలిగితే 2021 నాటిది.

ఆంగ్లమే అడ్డమనుకునేవారికి, అభినయం చూసే అలవాటున్నవారికి బ్యాలే మంచి మార్గం. రష్యన్ స్వరకర్త ప్రొకోఫియెవ్ 1935లో స్వరపరిచినప్పుడు, చచ్చిపోతున్నవారు నాట్యం చేయలేరన్న ఆలోచనతో సుఖాంతం పెట్టుకున్నాడు, తర్వాత మార్చుకున్నాడు. కెన్నెత్ మాక్‌మిలన్ 1965లో లండన్ రాయల్ బ్యాలేకు కూర్చిన నృత్యం ఆ సందేహానికి జవాబు. చివర రోమియో, ప్రాణం లేదనుకున్న జూలియట్ దేహాన్ని ఎత్తుకుని, మునుపు ఇద్దరూ ఆడిన కదలికలను మళ్లీ ఆడించబోతాడు. ఆమె చేతులు వేలాడిపోతాయి. మార్గట్ ఫాంటేన్, రుడాల్ఫ్ నురెయెవ్‌ల ప్రదర్శన 1966లో సినిమాగా వచ్చింది.

మన దగ్గరికి వస్తే, 1988 నాటి హిందీ ‘ఖయామత్ సే ఖయామత్ తక్’ను ఈ కథకు దగ్గరి బంధువు అనవచ్చు, 1996 నాటి తెలుగు ‘అక్కడ అమ్మాయి ఇక్కడ అబ్బాయి’ దానికి పునర్నిర్మాణం. 2013 నాటి ‘రామ్‌లీలా’ గుజరాతీ పగల మధ్య ఈ కథనే నడిపింది గాని, రంగుల హంగు ఎక్కువై పిల్లల అమాయకత్వం కనబడదు. వీటికంటే నేను ముందు చెప్పేది బాలచందర్ 1978లో విశాఖ తీరంలో నలుపు తెలుపుల్లో తీసిన ‘మరోచరిత్ర’. ఇది షేక్‌స్పియర్‌కు అనుసరణ కాదు. తమిళ కుర్రవాడు, తెలుగు అమ్మాయి, పక్కపక్క ఇళ్లు, భాషల మధ్య ఎడం. అయినా పోల్చి చూడదగిన సంగతి ఒకటుంది: అక్కడ పెద్దలు పెట్టిన షరతు ఏడాది పాటు ఒకరినొకరు చూడకూడదని. వెరోనా పిల్లలు తొందరవల్ల చనిపోయారని తీర్పు చెప్పేవారు ఈ సినిమా చూడాలి. వీళ్లు ఏడాది ఓర్చుకున్నారు, అయినా మిగలలేదు.

ఇక నాటకాన్ని తామే వేయాలనుకునే కళాశాల బృందాలు, బయటి దేశాల్లోని తెలుగు సంఘాలవారు ముందు నిడివి గురించి ఆలోచిస్తారు. 1597 నాటి తొలి ప్రతి సుమారు 2,200 పంక్తులు, 1599 నాటి రెండో ప్రతి సుమారు 3,000 పంక్తులు. తొలి ప్రతి పాఠం చాలాచోట్ల చెడిపోయినదే అయినా, వేదికకు పనికొచ్చే సూచనలు అందులోనే ఎక్కువ. పెళ్లికి వచ్చే జూలియట్ కొంత వేగంగా వచ్చి రోమియోను కౌగిలించుకుంటుందని రాసి ఉన్నది అక్కడే. కాబట్టి మాటలు రెండో ప్రతి నుంచి, నడక తొలి ప్రతి నుంచి తీసుకోవడం మంచి పద్ధతి. కోత పెట్టేటప్పుడు మెర్క్యూషియో వర్ణనలు తగ్గించుకోవచ్చు, సంగీతకారుల హాస్యం పూర్తిగా తీసేయవచ్చు. పెళ్లి ఒక రోజు ముందుకు జరిగే నాలుగో అంకం రెండో రంగాన్ని, ఫ్రయర్ జాన్ వట్టి చేతులతో తిరిగి వచ్చే అయిదో అంకం రెండో రంగాన్ని మాత్రం ముట్టుకోవద్దు. చిన్నవి కదా అని అందరూ ముందు తీసేసేవి అవే. రెండో దానికి వేదిక మీద రెండు నిమిషాలు కూడా పట్టదు.